చప్పుడుకు జవాబు

బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. మిషన్ నడపడం నా ఉద్యోగం. రోజూ మారికుప్పంలో రైలెక్కి పోయి, రైల్లోనే కునుకు తీసి వస్తాను. వయసు మళ్లినవాళ్లకు జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో మెదడు బొమ్మలు తీసి చూడాలని ఒకప్పుడు మా దగ్గర పరిశోధన మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లు కావాలన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పానో లేదో, మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. పనిచేస్తున్న బంగారు గని మూతపడ్డాక ఆయన్ని ఎవరూ ఏ పనికీ పిలవలేదు.

"నా బుర్ర ఇంగా పనికొస్తాదంటే పోదాం పదమ్మా" అన్నాడు.

గనిలో పనిచేసినవాళ్ల కంట్లో ఇనుప రజను ఉండవచ్చని ముందు ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు. కదిలితే బొమ్మ చెదిరిపోతుందని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను.

"ఈ మాత్రం సందులో పండుకునేది నాకు కొత్తనా?" అని నన్నే ఎగతాళి చేశాడు.

ఆ మిషన్ చప్పుడు, చెవులకు మూతలు పెట్టినా, గోడ అవతల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు వినిపిస్తుంది. మొదలుపెట్టగానే తెర మీద బొమ్మ అలుక్కుపోయింది. కిటికీ అద్దంలోంచి చూస్తే, నాయన వేలి కణుపులతో మిషన్ లోపలి గోడను తడుతున్నాడు. రెండోసారి కూడా అంతే. పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ మంచిదే పాపం, "ఈసారీ కుదరకపోతే ఈయన్ని వదిలేద్దాం" అంది. నాకు ఒళ్లు మండింది. లోపలికి పోయి కసిరాను.

"ఏం నాయనా, చిన్నపిల్లోనివా? చెయ్యెందుకు ఆడిస్తా ఉండావు?"

"వాడు కొడతా ఉంటే జవాబియ్యకుండా ఎట్లుండేదమ్మా?"

గనిలో ఒక ఆనవాయితీ ఉండేది. లోతులో రాయి పేలి కూలడాన్ని మావాళ్లు ఎయిర్‌బ్లాస్ట్ అనేవాళ్లు. కూలిన రాళ్ల అవతల చిక్కుకున్నవాడు గాలి పైపు మీద కొడతాడు. ఇవతల విన్నవాడు తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతే లోపలివాడు ఆశ వదులుకుంటాడు.

"నాతో డ్రిల్లు పట్టేవాడు అట్ల చిక్కుకున్నాడు" అన్నాడు నాయన, నన్ను చూడకుండా. "నా షిఫ్టు ముగిసింది, పైకి పొమ్మన్నారు. నేనొచ్చేటప్పుడు కొడతానే ఉండె. అన్నం తినేసి తిరిగి పొయ్యేలోపల చప్పుడు లేదు."

అన్నేళ్లలో ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. అన్నం తింటూ పళ్లెం అంచు మీద వేలితో తట్టడం ఆయనకు అలవాటు. దరిద్రమని అమ్మ తిట్టేది, మేం నవ్వేవాళ్లం. అది గుర్తొచ్చి నాకు భయం వేసింది.

తల చుట్టూ పెట్టే చట్రానికి చిన్న అద్దం ఉంటుంది. పడుకున్నవాళ్లకు అందులో మా గది కిటికీ కనబడుతుంది.

"జవాబు నేనిస్తాను. ఆ అద్దంలో నా చెయ్యి చూస్తా ఉండు. నువ్వు కదలొద్దు."

"ఆపవు గదా?"

"ఆపను."

మిషన్ కొట్టింది. నేను కిటికీ మీద కొట్టాను. తెర మీద నాయన మెదడు మడత మడతా తేటగా వచ్చింది. ఆ చిక్కుకున్న మనిషి ఏ మడతలో ఇంకా కొడుతున్నాడో మాత్రం మిషన్ చూపించలేదు. చప్పుడు ఆగింది. బల్ల బయటికి వచ్చేదాకా నేను ఆపలేదు.

నాయన లేచి కూర్చుని, ఎర్రబడ్డ నా కణుపులు నిమిరాడు.

"వాడు నిలిపినాక గూడా కొట్టినావే" అన్నాడు. "ఆ పొద్దు నేను అట్ల కొట్టల్సింది."

ఆ తర్వాత కొన్నాళ్లకు నాయన చనిపోయాడు. పరిశోధనలో ఆయన బొమ్మ పేరు లేకుండా ఒక నంబరు కింద ఉంది. ఇప్పుడు ఎవరిని లోపల పడుకోబెట్టినా, మిషన్ కొట్టగానే నా చెయ్యి కిటికీ మీదికి పోతుంది. అది ఆగాక కూడా ఇంకొంచెంసేపు కొడతాను. ఆ గనిలోంచి నాయన పైకి వచ్చేశాడో లేదో నాకు తెలియదు కదా.