ఆక్సిజన్ సెన్సార్‌కు పసుపు బొట్టు

నవ్వాలనిపిస్తే నవ్వుండ్రి, గని ముందు పూర్తిగ ఇనుండ్రి. కొత్త సామాన్ ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టుడు తప్పా? మొన్న గిదే మాట మా మెట్‌పల్లి కార్ మెకానిక్ మొయిన్ భాయిని అడిగిన. ఆయన చేతిల చిన్న ప్లాస్టిక్ మూత పట్టుకొని దాన్నొకసారి, నన్నొకసారి చూస్తుండు. పక్కన మా ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డడు.

మొదటి నుంచి చెప్త. మా ఆయన మస్కట్‌ల ఉంటడు గదా. పోయినసారి సెలవుల కారు కొన్నడు. పోయేటప్పుడు దానికి కవర్ కప్పి, "వారానికోసారి స్టార్ట్ చేసి బంద్ చెయ్. అంతకంటే దాని జోలికి పోకు" అని చెప్పి పోయిండు. ఇక్కడ అత్తమ్మకు షుగర్. కరీంనగర్ దవాఖానకు బస్సుల తోలుకపోతే వచ్చేసరికి ఆమె కాళ్లు వాచిపోతుండె. ఇంటి ముంగట కారు పెట్టుకొని బస్సు కోసం ఎండల నిలబడుడేందని నాకు కోపమొచ్చింది. పోయి డ్రైవింగ్ స్కూల్ల చేరిన. లైసెన్స్ గూడ వచ్చింది. ఆయనకు మాత్రం చెప్పలే.

ఎందుకంటే నా ప్లాన్ నాకున్నది. ఈసారి సెలవుకొచ్చిన రోజు నేనే శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోవాలె. ఆయనను ఎక్కించుకొని నేనే ఇంటికి తోలుకరావాలె. ఒక్కసారి కండ్లార చూస్తే ఇంక తాళం నా చేతిలనే ఉంటది. కారుకు ఏమన్నయిందో, "చెప్పిన గదా నీకు" అని తాళం గుంజుకుంటడు. మళ్ల నేనూ అత్తమ్మా బస్టాండే.

ఇంక రెండు మూడు రోజుల్ల వస్తడనంగ స్పీడ్ మీటర్ కాడ ఇంజిన్ బొమ్మ లైట్ వెలిగింది. బండి నడుస్తుంటే కుదుపుతుంది, పెట్రోల్ వాసన కొడుతుంది. క్లచ్ ఎక్కువ తొక్కిన్నా, గుంతల గట్టిగ దించిన్నా అని ఆ పూటంత నన్ను నేనే తిట్టుకున్న. అన్నం గూడ దిగలే. అత్తమ్మేమో "దిష్టి తగిలింది బిడ్డా" అని బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. లైట్ పోలే.

మొయిన్ భాయ్ కాడికి తీస్కపోతే, స్టీరింగ్ కింద చిన్న మిషన్ పెట్టి చూసిండు. "జర ఫికర్ చెయ్యకు చెల్లె. ఆక్సిజన్ సెన్సార్ గిది. పొగ గొట్టంల ఉంటది. పొగల ఆక్సిజన్ ఎంతున్నదో చూసి చెప్తెనే ఇంజిన్‌కు ఎంత పెట్రోల్ పోవాల్నో తెలుస్తది. తప్పు చెప్తే పెట్రోల్ ఊకె పోతనే ఉంటది" అన్నడు. ఎలుకలు వైర్లు కొరికినయేమో అని బండి కిందికి దూరి గూడ చూసిండు. వైర్లు మంచిగనే ఉన్నయ్. సెన్సారే పోయింది.

కొత్తది కరీంనగర్ నుంచి బస్సుల వచ్చేసరికి పొద్దుగూకింది. పొద్దున బిగిస్తనన్నడు. ఆయన దుకాణంల సామాన్ల కుప్ప చూసి నాకు భయమైంది. గా కుప్పల నా డబ్బా పోతే? "నేనే ఇంటికి తీస్కపోత, పొద్దున తెస్త" అన్న. ఆడనే మునిగిన.

మీకు తెల్సు గదా నా సంగతి. గ్యాస్ సిలిండరొస్తే బొట్టు పెడ్త. ఫ్రిజ్‌కు పెట్టిన, ఇన్వర్టర్ బ్యాటరీకి పెట్టిన. నా పరువంత దీని మీద ఉన్నంక దీనికి పెట్టకుంట ఎట్లుంట? డబ్బా దేవుని ముంగట పెట్టి ఇప్పిన. సెన్సార్ మూతికి ప్లాస్టిక్ టోపీ అసొంటి మూత ఉన్నది. అది తీస్తే ఇనుప కొస, దానికి సన్న సన్న బొక్కలు. పసుపు తడిపి కొసకు నిండుగ రాసిన, మీద కుంకుమ బొట్టు పెట్టిన. "తల్లీ, ఎయిర్‌పోర్టుకు పోయి వచ్చేదాక కాపాడు" అని మొక్కిన. ఆరినంక మూత పెట్టేసిన. పొద్దున మొయిన్ భాయ్ నవ్వుతడేమో అని మళ్ల మూత తీసి తడిగుడ్డతోని తుడిచిన. పైన తళతళ మెరిసింది. బొక్కల లోపట ఏమున్నదో నాకేం తెలుసు.

పొద్దున మొయిన్ భాయ్ మూత తీసి డబ్బాల పడేసి సెన్సార్ బిగించిండు, లైట్ పోయింది. ఊర్ల ఓ చక్కర్ కొట్టిన, మంచిగనే నడిచింది. మొక్కిన డబ్బా గదా అని ఖాళీదాన్ని గూడ పారెయ్యలే, కారులనే దాచిన.

తెల్లారి అత్తమ్మను ఎనుక సీట్ల కూసోబెట్టుకొని బయలుదేరిన. కరీంనగర్ దాటి మానేరు బ్రిడ్జి ఎక్కినమో లేదో, మళ్ల లైట్. బ్రిడ్జి దిగి పక్కకు ఆపి ఫోన్ చేసిన.

"భాయ్, నడిమిట్ల ఆగిపోతదా?"

"ఆగది చెల్లె. ఎర్ర లైట్ వస్తే ఆపు. పసుపు లైటే గదా, జోరు చెయ్యకుంట పో."

నా భయం ఇంజిన్ ఆగుతదని గాదు. మా ఆయన కారుల కూసోంగనే మొదలు కనబడేది గా లైటే. సిద్దిపేట కాడ చాయ్‌కి ఆపినప్పుడు అద్దంల మొఖం చూసుకున్న. నొసట పెద్ద మెరూన్ బొట్టు స్టిక్కర్. తీసి లైట్ మీద అతికిచ్చిన. సరిగ్గ సరిపోయింది. అత్తమ్మ చూసి, "దేవుని బొట్టా బిడ్డా?" అన్నది. "ఆ" అన్న.

ఎయిర్‌పోర్టుల మా ఆయన సామాన్ డిక్కీల పెట్టి, సీదా పోయి ఎడమ డోర్ తీసి కూసున్నడు. మస్కట్‌ల స్టీరింగ్ గటే ఉంటది గదా, అలవాటు. చేతులు ముందుకు చాపిండు. ఆడ ఏం లేదు. ఇటు తిరిగి చూస్తే స్టీరింగ్ ముంగట బెల్ట్ పెట్టుకొని నేను.

"తోలుకొచ్చిన డ్రైవర్ ఏడి?"

"నేనే."

"మజాక్ చెయ్యకు."

ఎనుక నుంచి అత్తమ్మ అందుకున్నది. "మజాకేంది రా? నన్ను దవాఖానకు తిప్పేది ఎవ్వరనుకున్నవ్?"

అప్పటికే నేను కారు కదిలిచ్చిన. సిద్దిపేట దాక ఆయన డోర్ పిడి వదల్లే. అటెన్క మెల్లగ వదిలి, "మంచిగనే నడుపుతున్నవ్" అన్నడు. గా మాట కోసం ఎన్ని రోజుల సంది కాసుకొని ఉన్ననో. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గంతల ఆయన చూపు బొట్టు మీద పడ్డది.

"మీటర్‌కు గూడ పెట్టినవా?"

"పెట్టిన."

"నువ్వు మారవు" అని నవ్విండు. నేను గూడ నవ్విన, గని స్టిక్కర్ ఊడొద్దని ఇంకింత మెల్లగ తోలిన.

జగిత్యాల కాడ స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరింది. స్టిక్కర్ జారి నా ఒళ్ల పడ్డది. లైట్ మంచిగ వెలుగుతుంది. ఆయన లైట్ చూసిండు, నన్ను చూసిండు. ఇంటికి రాంగనే తాళం తీసుకొని జేబుల వేసుకున్నడు. నా పాణం ఉసూరుమన్నది.

తెల్లారి ఇద్దరం మొయిన్ భాయ్ కాడికి పోయినం. సెన్సార్ ఇప్పిండు. బొక్కలన్నీ నల్లగ మాడి పూడుకపోయినయ్. "కొత్తది గిట్లెట్లయింది? డబ్బా ఉన్నదా?" అన్నడు. మొక్కిన డబ్బా నేనే ఉరికిపోయి తెచ్చిచ్చిన. అండ్ల నుంచి ప్లాస్టిక్ మూత తీసిండు. లోపటంత పసుపు, అడుగున ఎర్రగ కుంకుమ.

గప్పుడే అడిగిన, తప్పా అని.

మొయిన్ భాయ్ మూతను మళ్ల డబ్బాల వేసిండు. "చెల్లె, గది పొగను వాసన చూసే ముక్కు. ముక్కుల పసుపు కూరితే ఏం చూస్తది?"

మా ఆయన నవ్వి నవ్వి అక్కడున్న పాత టైర్ మీద కూలబడ్డడు. కండ్లు తుడుసుకొని, జేబుల నుంచి తాళం తీసి నా చేతిల పెట్టిండు. "నడుపుడు నీదే. నాకంటే మంచిగ నడుపుతున్నవ్. కొత్త సామాన్ వస్తే మాత్రం దూరం ఉండు."

సెన్సార్ మళ్ల తెప్పిచ్చినం. బిగించేదాక నన్ను దుకాణం లోపటికి రానియ్యలే. లైట్ పోయింది, మళ్ల రాలే. తాళం నా దగ్గరనే ఉన్నది. గని మస్కట్ నుంచి కొత్త మిక్సీ తెచ్చిండని మా ఆయన పసుపు డబ్బా ఆయన దగ్గర పెట్టుకున్నడు. కారు నా చేతికి వచ్చింది గని, పప్పుల పసుపు మాత్రం ఆయనను అడుక్కొని వేసుకుంటున్న.