ప్రకాశం తుపాకీ మీద నేను వేసిన నింద

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరికాదు. దాని బరువంతా మరొకడి నెత్తిన పెట్టి, నేను చేతులూపుకుంటూ పక్కన నడుస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సుబేదారిలో మా ఇంటి ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో మా నాన్న నుంచి నాకు వచ్చిన డబుల్ బ్యారెల్ తుపాకీ. ఇంగ్లాండులో తయారైంది. వచ్చినవాళ్లందరికీ దాని మీద చెక్కిన పువ్వులు చూపించేవాణ్ణి. ప్రకాశం అక్కడే ఉంటే, వీడి దగ్గరా ఒకటుంది, మన సర్కారు ఫ్యాక్టరీ సరుకు, పేలితే అదృష్టం అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ప్రకాశం కూడా.

ప్రకాశం నాకంటే చిన్నవాడు, చిన్ననాటి స్నేహితుడు. ఊళ్లో మక్కచేను ఉంది. అడవిపందుల బాధ పడలేక లైసెన్సు తీసుకుని ఆ సింగిల్ బ్యారెల్ కొనుక్కున్నాడు. చర్చి నుంచి రాగానే దాన్ని తుడిచి నూనె పెట్టేవాడు. అది ఎన్నడూ మొరాయించలేదు. పాడైంది నాదే. ఒకసారి ఇంట్లో ఖాళీ తుపాకీని కాస్త గట్టిగా నేలకు దించితే, ఎవరూ నొక్కకుండానే లోపల టక్కుమంది. లోపలి కొక్కెం అరిగిందని అర్థమైంది. అసలు ముక్క దొరకదు, ఇక్కడే మట్టెవాడ కమ్మరి దగ్గర చేయించి వేసుకోవాలి. ఇంగ్లాండు తుపాకీలో మట్టెవాడ ఇనుమా? నాకు అవమానమనిపించింది. అలాగే ఉంచేశాను.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరం చేనుకు వెళ్లాం. పందుల్ని బెదరగొట్టడానికి గాలిలోకి చెరొకసారి కాల్చాం. మళ్లీ తూటాలు నింపి రెండు తుపాకుల్నీ ట్రాక్టరు ట్రాలీకి ఆనించాం. అలా పెట్టకూడదని ఇద్దరికీ తెలుసు. ప్రకాశం మోటారు వేయడానికి బావి వైపు వెళ్లాడు. కూలికి వచ్చిన సమ్మయ్య అటు తిరిగి కంకులు విరుస్తున్నాడు. నేను ట్రాలీ ఎక్కబోతుంటే మోకాలు తగిలింది. రెండూ జారిపడ్డాయి. నాది పేలింది.

సమ్మయ్య కూలిపోయాడు. కాలంతా రక్తం. అరుస్తున్నాడు.

అతని దగ్గరికి పరిగెత్తానా? లేదు. ముందు నా తుపాకీ తెరిచి, కాలిన తూటా తీసి ప్రకాశం దాంట్లో పెట్టాను. అందులోని మంచి తూటా నా దాంట్లోకి మార్చాను. ఇద్దరం ఒకే డబ్బాలోవి వాడేవాళ్లం. ఆ అరుపులు వింటూనే అదంతా చేశాను. భయంతో చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయపడ్డవాడికి అంత శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుంది?

దవాఖాన వరండాలో ప్రకాశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సమ్మయ్య కాలు తీసేయాలని అప్పుడే చెప్పారు.

"నా తుపాకే గదనే అన్నా. ఆడ పెట్టి పోకపోతే గిట్ల కాకపోవు."

"దేశీదాన్ని నమ్మద్దని ముందుగాల్నే చెప్పిన గదరా."

"చెప్పినవ్ అన్నా. నేనే ఇనలే."

నన్నే ఓదారుస్తున్నట్టు అన్నాడు ఆ మాట. పోలీసులకూ అదే చెప్పాడు. వాళ్లు నమ్మారు, ఊరు నమ్మింది. ఎందుకు నమ్మరు, చెక్కిన పువ్వులున్న తుపాకీ ఎక్కడైనా తప్పు చేస్తుందా? వాళ్లందరి మీదా నాకు కోపం. ఒక్కడైనా, ఏదీ నీది ఇటివ్వు, చూద్దాం అనలేదే. తననెవరూ పట్టుకోలేదని ఊరిమీద మండిపడే దొంగని నేను. సిగ్గులేదు నాకు.

ప్రకాశం మీద కేసు నడిచింది. లైసెన్సు పోయింది, తుపాకీ పోయింది. ఆ ఏడు పందులు చేనంతా తొక్కేశాయి. చర్చిలో సంఘపెద్దగా ఉండేవాడు, అందరి ముందు ప్రార్థన చేసే యోగ్యత తనకు లేదని తానే తప్పుకున్నాడు. సమ్మయ్యను ఇప్పటికీ తన బండి మీదే దవాఖానకు తీసుకెళ్తాడు.

మొన్న క్రిస్మస్‌కు వాళ్లింట్లో భోజనం. సమ్మయ్య కూడా వచ్చాడు. అన్నం ముందు ప్రకాశం కళ్లు మూసుకుని, తన వల్ల జరిగిన పాపాన్ని మన్నించమని పైకే ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చేయాలి?

మన్నించమని మిమ్మల్ని అడగను. ఇందులో నా పేరు పెట్టలేదు, వాళ్ల పేర్లు మార్చాను. అంటే ఇంకా పిరికివాణ్ణే. ప్రకాశం ఎదుట నిలబడి చెప్పగలనో లేదో తెలియదు. కానీ నిజం ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు, మీ దగ్గర కూడా ఉంది. సమ్మయ్య కాలు తీసింది నా తుపాకీ. ఇంత చిన్న మాట. రాశాను.