వైన్స్ కాదు, వైన్

మా నస్పూర్‌లో వైన్ అనే మాట లేదు. వైన్స్ ఉంది. వైన్స్ అంటే మందు షాపు. ఇనుప జాలీ, దాని ముందు తోపులాట, పక్కన ఉడికించిన శనగల బండి. "మీ ఆయన ఏడి?" అంటే "వైన్స్‌కు పోయిండు" అంటాం, ఇక ఎవరూ ఏమీ అడగరు. ఆ జాలీ లోపల ద్రాక్షతో చేసిన వైన్ ఉంటుందో ఉండదో నాకు తెలియదు. ఉన్నా, కావాలని అడిగినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. చివర ఉన్న ఆ ఒక్క అక్షరమే నా పరువును బజారుకీడ్చింది. అయినా నేను మాట మార్చలేదు, మార్చను కూడా.

నేను జాకెట్లు కుడతాను. మా ఆయన బొగ్గుబాయిలో పని చేస్తాడు. అప్పట్లో మా వాడ మహిళా సంఘానికి అధ్యక్షురాలిని నేనే. బళ్లో చదివినప్పుడు కూడా ఎవరూ నన్ను లీడరు చేయలేదు కాబట్టి ఆ పదవి అంటే నాకు మహా ఇష్టం, దాచుకోవడం దేనికి? అది ఊరికే రాలేదు. మా వాడలో ఒక కిరాణా కొట్టు వెనక గదిలో బెల్టు షాపు నడిచేది. లైసెన్సు లేదు, పాడు లేదు, తెల్లారకముందే క్వార్టర్ సీసాలు అమ్మేవాడు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు బాయి దిగకముందే అక్కడ దిగబడేవాళ్లు. మేం నినాదాలు ఇవ్వలేదు, జెండాలు పట్టలేదు. కత్తిపీటలు తీసుకుపోయి ఆ కొట్టు గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరిగాం. లోపలికి పోవాలంటే మగవాడు తన పెళ్లాన్నో అత్తనో దాటుకుని పోవాలి. మా ఆయన కూడా వచ్చాడు. నన్ను చూశాడు, బీరకాయలు చూశాడు, "ఇయ్యాల బీరకాయ కూరనా?" అని అడిగి వెనక్కి తిరిగాడు. కొన్నాళ్లకు షాపు మూతబడింది. మా ఆయన తాగుడు మాత్రం మూతబడలేదు. మెయిన్ రోడ్డు మీది వైన్స్ దాకా నడవాలి కాబట్టి కాళ్లకు కాస్త వ్యాయామం దొరికింది, అంతే.

వైన్ సంగతి మా చెల్లెలి వల్ల వచ్చింది. అది దుబాయ్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఒకరోజు వీడియో కాల్‌లో సన్నటి మెడ ఉన్న సీసా చూపించి, "అక్కా, గిది మత్తు తీసేసిన వైన్. ఈడ మామూలు దుకాన్లల్ల దొరుకుతది. మా మేడమ్ జర పోసిచ్చింది. మంచిగున్నదే" అంది. నాకు మనసులో పడితే పోదు. ఫోనులో వెతికితే మన దగ్గరా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మామూలు ధర చూసి ఫోను పక్కన పెట్టాను. మర్నాడు మళ్లీ తీశాను. గడువు దగ్గరపడిన సరుకును సగం ధరకు వదిలించుకునే అమ్మకందార్లు వేరే ఉన్నారని అప్పుడు తెలిసింది. కుక్కరు, చీరలు, కుట్టుమిషను మోటారు తగ్గింపు ధరలకే కొన్నదాన్ని, నాకు ఆ బజారు కొత్త కాదు.

మొదటి సీసా అచ్చం దగ్గు మందు. గొంతులో జిగట మిగిలింది. రెండోది ఇంకొకరి దగ్గర కొన్నాను, తెల్ల రకం. నిమ్మకాయ పిండిన గంజిలా ఉంటే కుండీలో కరివేపాకు చెట్టుకు పోశాను, దానికీ నచ్చినట్టు లేదు. మూడోసారి మూత దగ్గర పగిలిన సీసా వచ్చింది. "తెరిచిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు అమ్మినవాడు. పగలడానికీ తెరవడానికీ తేడా తెలిసేదాకా వాడికి ఫోటోలు పంపుతూనే ఉన్నాను. చివరికి విసిగి ఇంకోటి పంపాడు. అదే నాకు దక్కిన మంచి సీసా.

ఎర్రటిది. మూత తీయగానే నేరేడుపండ్ల వాసన. నోట్లో పోసుకుంటే ముందు పులుపు, తర్వాత నాలుక మీద కరక్కాయ నమిలినట్టు వగరు. ఆ వగరు పోయాక ఇంకో గుటక కావాలనిపించింది. జొన్న రొట్టె, వంకాయ కూర ముందు పెట్టుకుని మళ్లీ తాగాను. కూర కారాన్ని అది కడగలేదు, దానితో కలిసి కూర్చుంది. ఒక్కదాన్నే గట్టిగా "అబ్బ" అనేశాను. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు చూస్తే "ప్యాకింగ్ బాగుంది", "త్వరగా వచ్చింది" తప్ప రుచి గురించి ఒక్క ముక్క లేదు. ఏం కొన్నారయ్యా మీరు, అట్టపెట్టెలా? నేను తెలుగులో రాశాను: నేరేడు వాసన, కరక్కాయ వగరు, వంకాయ కూరతో తాగండి.

ఆ రకమే మళ్లీ తగ్గింపులో కనబడితే నాలుగు సీసాలకు ఆర్డర్ పెట్టాను. పార్సిల్ వచ్చిన రోజు మిషను చప్పుడులో నాకు ఫోను వినబడలేదు. పార్సిల్ తెచ్చినాయన నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను అడిగాడు: "గీ వైన్స్ ఆర్డర్ పెట్టిన అమ్మ ఇల్లు యాడ?"

వైన్ అన్నా సరిపోయేది. కానీ మా దగ్గర ఎవరి నోటికీ ఆ మాట అలా రాదు. బిందెలు నిండేలోపు నేను ఇంట్లో వైన్స్ పెట్టానన్న వార్త వాడంతా తిరిగింది. "బెల్టు షాపు ఎందుకు మూయిచ్చిందనుకున్నవ్? తను పెట్టెటందుకే. ఆన్‌లైన్‌ల డిస్కౌంటుకు తెప్పిచ్చి అమ్ముతదట." సాయంత్రానికి ఒకాయన నిజంగానే గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, ఒక క్వార్టర్ ఇయ్యి. పైసలు జీతం నాడు ఇస్త." కొలత కర్ర తీసుకుని గేటు దాకా తరిమాను.

మర్నాడే సంఘం మీటింగు పెట్టారు. నా పదవి ఉంటుందా పోతుందా అన్నదే సంగతి. నాలుగు సీసాలూ చంకనేసుకుని పోయాను.

"అక్కా, అమ్ముతున్నవా లేదా, ముందుగాల గది చెప్పు" అంది కార్యదర్శి. నాకంటే చిన్నది, మాట సూటిగా ఉంటుంది.

"నాలుగు సీసలతోని షాపు ఎట్ల పెడుతరే?"

"మరి ఎవలకు తెప్పిచ్చినవ్? బావకా?"

"మీ బావ గిది ముట్టడు. నాకే."

అమ్ముతున్నానని అనుకున్నంతసేపూ కోపంగా చూసినవాళ్లు ఇప్పుడు కళ్లు దించుకున్నారు. మాలో పెద్దామె ఒకరున్నారు, అందరికీ పెద్దమ్మే. ఆమె మెల్లగా, "ఆడిది గ్లాసుల పోసుకోని తాగుడేంది బిడ్డా?" అంది.

"పొద్దుగాల కల్లు తాగి రాలేదా పెద్దమ్మా నువ్వు?"

"తాగిన. గది చెట్టుది."

"గిది తీగది."

అందరూ ఫక్కున నవ్వారు. పుట్టినా, పోయినా, దసరా వచ్చినా ఆడా మగా కూర్చుని కల్లు తాగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే అందరం. నవ్వుతుండగానే మూత తీసి స్టీలు గ్లాసుల్లో తలా కాస్త పోశాను. పెద్దమ్మ పుక్కిలించి "థూ, పులిసిన రసం" అంది. ఒకామె మాత్రం గ్లాసు మళ్లీ ముందుకు జరిపింది. కార్యదర్శి సీసా మీది ఇంగ్లీషు చీటీని ఫోనులో తెలుగులోకి మార్చి చదివి ఒక్కసారి లేచింది.

"అక్కా, గిండ్ల మత్తే లేదట గదా! గా ముచ్చట ముందుగాల చెప్పరాదా? మనం జూస్ అని చెప్దాం. లొల్లి ఖతం."

అందరి మొహాలూ తేటపడ్డాయి. నా పదవి నాకు దక్కినట్టే. తల ఊపితే చాలు. ఎందుకో అప్పుడే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది. మత్తు లేదు కాబట్టి క్షమించారు. ఉండుంటే? జూస్ అని తల ఊపడమంటే, ఉండుంటే నేను చెడ్డదాన్నేనని ఒప్పుకోవడమే.

"జూస్ కాదు. వైన్" అన్నాను.

"మత్తు లేనిది జూసే గదక్కా."

"నాకు దొరికింది గిది. రేపు మత్తున్నది దొరికి, తాగబుద్ధయితే గది గుడ తాగుత. నేను కుట్టిన పైసలు, నా నోరు. మనం కొట్టు ముంగట కూసున్నది తాగెటోళ్ల మీదికి కాదు. తెల్లారకముందే ఇండ్లు గుల్ల చేసెటోని మీదికి."

"గట్లంటే రేపు మా మొగోళ్లు మమ్ముల బతకనిస్తరా? మీ లీడరే తాగుతది, మీరెవరు మాకు చెప్పెటందుకు అంటరు."

కార్యదర్శి మాటలో నిజముంది, కాదనను. ఆమె ఇంట్లో దెబ్బలు తినే మనిషి, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ తాగే మగవాడి నోరు మూయించడానికి నేను నా నోటి రుచిని తాకట్టు పెట్టాలా?

"అంటే అననియ్యుండ్రి" అన్నాను.

నన్ను తీసేయాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. పెద్దమ్మ చెయ్యి కూడా లేచింది. గ్లాసు ముందుకు జరిపినామె చెయ్యి సగం దాకా లేచి, పక్కకు చూసి, పూర్తిగా లేచింది. నేను సంఘం బీరువా తాళంచెవి కార్యదర్శి చేతిలో పెట్టి, మిగిలిన సీసాలు తీసుకుని ఇంటికి వచ్చి ఏడ్చాను. ఆ పదవి పోవడం నాకు చిన్న బాధ కాదు.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన స్నానం చేసి, ఉల్లిగడ్డ కోసుకుని, తన సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

"జూస్ అంటే నీ సొమ్మేం పోతుండెనే? ఒక్క మాట. జర తగ్గితే ఏమైతుండె? ఇప్పుడన్నా పోయి చెప్పు, మళ్ల నిన్నే పెట్టుకుంటరు."

"నువ్వు పెండ్లి కాకముందు సంది తాగుతున్నవ్. నీ తాగుడు మీద ఎవలన్నా మీటింగు పెట్టిండ్రా? చేతులెత్తిండ్రా? గా సీసల ఉన్నది జూస్ అని చెప్పరాదా అని ఒక్కలన్నా నిన్ను బతిమిలాడిండ్రా?"

అతను ఉల్లిగడ్డ నమలడం ఆపాడు. నిజంగానే గుర్తు చేసుకున్నాడు.

"లేదు" అన్నాడు.

నేను అతనికి ఎదురుగా కూర్చుని నా గ్లాసు నింపుకున్నాను.