అందరి ముంగట అడిగిన ప్రశ్న

నవ్యకు భయం కొత్తేం కాదు. మరిపెడ పక్క తండాల పుట్టి, ఊహ తెలిసినకాంచి హాస్టళ్లల్ల పెరిగిన పిల్ల. వార్డెన్‌కు భయపడ్డది, ఇంగ్లిషుకు భయపడ్డది, క్లాసుల లేచి మాట్లాడుమంటె చెమటలు పెట్టుకున్నది. అన్నిటిని ఎట్లనో దాటుకుంట జనగామల పీజీ దాక వచ్చింది. కని ఆ పొద్దు వనజ మేడం సర్వే ఫారాలు బల్ల మీద పరిచి, కండ్లద్దాలు తీసి, "నవ్యా, జర తలుపు దగ్గరికెయ్" అన్నప్పుడు పట్టుకున్న భయం వేరే.

పిల్లల ప్రాజెక్టులన్నీ వనజ మేడమే చూస్తది. అరవదు, తిట్టదు. గదే అసలు కష్టం. తిట్టే మనిషైతె తిట్లు తిని బయటపడొచ్చు. నిమ్మళంగ అడిగేటోళ్ల ముంగటనే పాణం పోతది.

తండాలల్ల ఆడపిల్లలకు ఏ వయసుల పెండ్లి అయితున్నదని నవ్య ప్రాజెక్టు. భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గర, తన అక్క రాజీని ఇచ్చిన తండాకు పోయి, ఆడోళ్లందరిని అడిగి ఫారాలు నింపుకొచ్చింది. నింపుకొచ్చిన అనే అనుకున్నది పాపం.

"ఈ తండాల అందరికీ పద్దెనిమిదికే పెండ్లయిందా?" అన్నది మేడం.

"అవు మేడం."

"ఒక్కరికి పదిహేడు లేదు, ఒక్కరికి పందొమ్మిది లేదు. కొత్త పెండ్లికూతురుకు పద్దెనిమిదే, పండ్లూడిన ముసలమ్మకు పద్దెనిమిదే. నిజం చెప్పు. తండాకు పోయినవా, హాస్టల్ల కూసోని నింపినవా?"

తండా దేవుడు సేవాలాల్ మీద ఒట్టు, పోయిన మేడం అందామని నవ్యకు నాలుక కొస దాక వచ్చింది. ఒట్లకు మేడం దగ్గర విలువ లేదని తెల్సి ఊకున్నది.

"దొంగ ఫారాలైతె ప్రాజెక్టు తీసేస్త," అన్నది మేడం మెల్లగ. "వారం లోపట ఏదో ఒకటి తేల్చు."

ప్రాజెక్టు పోతె ఆ ఏడు పట్టా లేదు. పట్టా లేకుంటె ఏమైతదో నవ్యకు ఎరికే. "ఈ ఏడు చదువు ఒడువకుంటె ఇగ నా మాట వినాలె బిడ్డా, సంబంధం చూసి పెట్టిన," అని బాపు దసరకే చెప్పిండు. కోపంగ గూడ చెప్పలే, బువ్వ తినుకుంట చెప్పిండు. ఆ మాట యాది చేసుకుంటనే నవ్య మెట్లు దిగింది.

కింద హరీశ్ కలిసిండు. అదే క్లాసు పిల్లగాడు, పక్క ఊరి నుంచి రోజూ బండి మీద వస్తడు. సంగతంత విని పకపక నవ్విండు. "గింత దానికే పరేషానా? రెండు పదిహేడులు, మూడు ఇరవైలు, నడుమ నడుమ ఒక పందొమ్మిది ఏసెయ్. చూస్తె అచ్చం అసలు లెక్క అనిపిస్తది. మేడం గూడ ఏమనది."

చూసిండ్రా తమాషా! తండాకు పోయి రాసుకొచ్చింది దొంగదట, కూసున్నకాడ గీకితె అసలుదట. మందలింపు తప్పితె చాలు, ఎటువంటి అబద్ధమైనా ఇంపుగనే ఉంటది.

ఇంపుగనే ఉన్నది నవ్యకు గూడ. దేవతేమీ కాదు గద. హాస్టల్ రూముల తలుపేసుకొని ఫారాలు ముంగటేసుకున్నది, పెన్ను తీసింది. మొదటి ఫారం మీద ఎనిమిది అంకె మీద పెన్ను పెట్టింది. ఏడు చెయ్యాల్నా, తొమ్మిది చెయ్యాల్నా అని ఆగేసరికి అంకె పక్కన చిన్న చుక్క పడ్డది. ఆ ఫారం పక్కకు పెట్టి ఇంకోటి తీసింది. అది రాజీది.

పేర్లు రాయలే, నంబర్లే ఉన్నయ్. అయినా అక్క ఫారం చెల్లెకు తెల్వదా? అందుల గూడ పద్దెనిమిదే. నవ్య తన చేతితోని రాసిన పద్దెనిమిది.

రాజీ పెండ్లినాటికి నవ్య చిన్నపిల్ల. కని మర్చిపోయే సంగతి కాదది. అక్క తొమ్మిదో తరగతి పుస్తకాలు తనకే ఇచ్చిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లకు పద్దెనిమిది ఎట్ల నిండుతయ్? ఎదురుంగ కూసొని అక్క అబద్ధం చెప్తుంటె, తాను రెప్ప గూడ కొట్టకుంట రాసింది. ఎందుకు రాసింది?

ఎందుకంటె మర్యాద. ఏ తండాల అడుగుపెట్టినా ముందుగాల తండా పెద్ద నాయక్ ఇంటికి పోవాలె. ఆయనను దాటి ఎవ్వరిని పలకరించొద్దు. ఇది నవ్యకు ఎవ్వరూ నేర్పలే, ఉగ్గుపాలతోనే వచ్చింది. వేరే పిల్లలైతె తెల్వక ఇల్లిల్లు తిరుగుదురు. నవ్య తండా పిల్ల గనుక సక్కగ నాయక్ ప్రేమ్‌సింగ్ ఇంటికి పోయి దండం పెట్టింది. ఆయన సంబురపడి, ఆడోళ్లందరిని తన ఇంటి ముంగటికి పిలిపించి, కుర్చేసుకొని కూసున్నడు. "మా తండాల పద్దెనిమిది నిండందె పెండ్లి చెయ్యం, రాసుకో పిల్లా," అన్నడు. ఆయన నోట్లకెళ్లి పద్దెనిమిది వచ్చినంక పదిహేడని అనే ఆడామె ఎవలున్నరు? ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి అనిపించుకోవాల్నా? ఒకరెనుక ఒకరు, తల మీది కొంగు సవరించుకుంట, అందరూ గదే చెప్పిండ్రు.

మేడం అన్న మాట తప్పే. కని ఫారాలు దొంగవే. ఈ సంగతి తెలిసినంక నవ్యకు ఇంక ఎక్కువ భయమయ్యింది. అప్పటిదాక మేడంకే భయపడ్డది, ఇప్పుడు నాయక్‌కు గూడ భయపడాలె. అయినా పోయి మేడంకు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మల్ల పో," అన్నది మేడం. "ఒక్కొక్కరిని ఒంటరిగ అడుగు. వాళ్లు చెప్పింది రాయి, నీకు తెల్సింది రాయకు. చెప్పనంటె బలవంతం చెయ్యకు."

హన్మకొండల బస్సు మారి ఘనపూర్‌కు పోయేసరికి తండాల పిల్లి గూడ లేదు. మిరపకాయ ఏరుడు జోరు మీదున్నది, ఆడోళ్లందరు తోటలల్లనే. అదే నవ్యకు కలిసొచ్చింది. మిరపతోటల ఒక్కొక్కరు ఒక్కొక్క సాలు పట్టుకొని ఏరుతరు. మెల్లగ మాట్లాడితె పక్క సాలు మనిషికి మాట వినపడది. నవ్య గూడ కొంగు నడుముకు చుట్టి కాయలు ఏరుకుంట, ఒక్కొక్కరి పక్కకు చేరింది. చేతులు భగ్గుమంటున్నయ్, తుమ్ములు ఆగుతలేవు. "పేరు రాయను. ఇష్టం లేకుంటె చెప్పకున్రి," అని మొదలే చెప్పింది. మాటలన్నీ లంబాడి భాషలనే నడిచినయ్.

ఒకామె పదహారన్నది. ఒకామె పందొమ్మిదని గర్వంగ చెప్పింది. ఒక ముసలమ్మైతె నవ్వి, "నాకు పాలపండ్లు ఊడుతున్నయే అప్పుడు, లెక్క నువ్వే కట్టుకో," అన్నది. నవ్య లెక్క కట్టలే, ఆమె అన్నదే అన్నట్టు రాసింది.

అప్పుడు వినపడ్డది బండి చప్పుడు. గట్టు మీద నాయక్ ప్రేమ్‌సింగ్. ఏరేటోళ్ల చేతులు ఒక్కపారి ఆగినయ్.

"మల్ల ఎందుకొచ్చినవే పిల్లా?"

పారిపోదామనిపించింది. అక్కను చూసిపోదామని వచ్చిన అంటె అయిపోతుండె. కని చేతుల ఫారాలు ఉండనే ఉన్నయ్. "నాయక్ తాతా, పోయినసారి తప్పు చేసిన. ఒక్కొక్కరిని విడిగ అడగాల్సింది, అందరిని మీ ముంగట అడిగిన. తప్పు నాదే."

"అంటె నా ముంగట అందరు అబద్ధం చెప్పిండ్రంటవా?"

లేదంటె అబద్ధం, అవునంటె అక్క కాపురం కూలుతది.

నాయక్ బండి దిగలే. దగ్గరి నుంచి చూస్తె ఆయన దవడ గూడ అదురుతున్నది. "కిందటేడు పక్క తండాకు పోలీసు జీపులొచ్చినయ్. పెండ్లి పందిట్లకెళ్లి పిల్లగాని తండ్రిని ఎత్తుకపోయిండ్రు. నీ కాయితాలు చూసుకొని మా మీదికొస్తె ఎవలు జవాబు చెప్తరు? గట్ల ఏమన్న అయ్యిందో, మీ అక్క ఈ తండాల ఉండది. యాదుంచుకో."

బండి పోయింది. దుమ్ము అణిగేదాక ఎవ్వరూ తల ఎత్తలే. ఆ తర్వాత చానామంది 'మేం చెప్పం' అన్నరు. వాళ్లను నవ్య మల్ల అడగలే.

రాజీ చివరి సాలుల ఉన్నది. అత్త జరంత దూరంలనే ఏరుతున్నది. నవ్య దగ్గరికి పోంగనే రాజీ మొఖం తిప్పుకున్నది. "నన్ను అడగకే. నీ కాళ్లు మొక్కుత. నాది ఏం రాయకు." నాయక్ బెదిరింపు ఆమె చెవిన గూడ పడ్డది మరి.

"సరే అక్కా," అన్నది నవ్య. ఫారం మీద 'చెప్పలేదు' అని రాసి, అక్క చదువుకునేటట్టు పట్టుకున్నది. రాజీ చదివి, ఏమనకుంట మల్ల కాయలు ఏరుకున్నది.

జనగామకు వచ్చే తొవ్వంత నవ్యకు నిద్ర లేదు. సగం ఫారాలల్ల 'చెప్పలేదు' అనే ఉన్నది. ఇగ పట్టా రాదు, సంబంధం ఖాయం, ఎందుకు పోయినట్టు, ఎందుకు అక్క పాణం మీదికి తెచ్చినట్టు అని తనను తానే తిట్టుకున్నది.

మేడం ఒక్కొక్క ఫారం చూసింది. చుక్కపడ్డ పాతది గూడ చూసింది, అడిగింది, నవ్య దాచకుంట చెప్పింది. ఆఖరికి రాజీ ఫారం మీద మేడం వేలు ఆగింది.

"ఈ ఇంటోళ్లు నీకు బాగ తెల్సినట్టున్నరు, ఇంటి సంగతులన్ని సక్కగ రాసినవ్. ఈమె వయసు నీకు తెల్వదా?"

"నాకు తెల్సినా లాభం లేదు మేడం. ఆమె చెప్పలే."

మేడం సంతకం పెట్టింది. "పాతవి పారెయ్యకు. రెండూ పెట్టి, మొదటిసారి ఏం తప్పు చేసినవో ముందుగాలనే రాయి," అన్నది. బయటికొచ్చినంక నవ్య గోడకానుకొని కూలబడ్డది.

ఆ పొద్దుగూకె యాళ్లకు రాజీ ఫోన్ చేసింది. అక్కను ఎల్లగొట్టిండ్రేమో అనుకున్నది నవ్య.

"నాది ఏం రాసినవే?"

"ఏం రాయలే అక్కా. నువ్వు వద్దంటివి గద."

"మేడం అడగలేదా?"

"అడిగింది. నువ్వు చెప్పలేదనే చెప్పిన."



"నా పెండ్లప్పుడు గూడ నన్ను అడిగిండ్రు నవ్యా," అన్నది రాజీ. "ఇష్టమేనా బిడ్డా అని. బాపు, నాయక్, మేనమామలు, తండా మొత్తం కూసొని అడిగిండ్రు. అవునన్న. ఎవలన్న పక్కకు తీస్కపోయి మల్లొకపారి అడుగుతరేమో అని చూసిన. నన్ను కన్న యాడి గూడ అడగలే."

నవ్య లేచి రూము తలుపు దగ్గరికేసింది.

"ఇప్పుడు అడుగు. ఒక్కదాన్నే ఉన్న."

"ఫారాల మీద సంతకం అయిపోయింది అక్కా."

"ఫారం ఎందుకే? నువ్వు అడుగు."

నవ్య ఫోన్ రెండు చేతులతోని పట్టుకున్నది. వయసు అడగలే. "అక్కా, నీకా పెండ్లి ఇష్టముండెనా?" అన్నది.

"లేకుండె," అన్నది రాజీ.