లేచినవాళ్ళదే తప్పు

ఎక్కడైనా ఇద్దరు కొట్టుకుంటుంటే లోకమంతా ఆ ఇద్దరినీ చూస్తుంది. మావయ్య మాత్రం కుర్చీల్లోంచి ఎవరు లేస్తున్నారా అని చూస్తాడు. ఆయన బాస్కెట్‌బాల్ రిఫరీ. ఆయన లెక్కలో ఇద్దరి కొట్లాట ఇద్దరితోనే పోతుంది, బెంచి మీదవాళ్ళు లేచాకే అసలు రభస.

"మరి తన్నుకున్నవాళ్ళను వదిలేస్తావా మావయ్యా?" అని అడిగింది చిన్న మేనకోడలు.

"వాళ్ళను ఎలాగూ బయటికి పంపిస్తాం. సాయానికని బెంచి దిగి పరిగెత్తినవాళ్ళనూ పంపిస్తాం. మర్నాటి ఆట కూడా పోతుంది. ఒక్క దెబ్బ కొట్టకుండా శిక్ష పడేవాడికంటే వెర్రిబాగులవాడు ఎవడే?"

ఇంటా బయటా ఇదే వరస. ఓ పెళ్ళిలో, ఫొటోకి ముందు ఎవరు నిలబడాలని ఇద్దరు బాబాయిలు చొక్కాలు పట్టుకున్నారు. మావయ్య విజిల్ ఊది, విడదీయడానికి లేచిన పెద్దమనుషులందరినీ హాల్లోంచి బయటికి పంపేశాడు. చూసేవాళ్ళు లేక బాబాయిలకు ఉత్సాహం చచ్చి, చొక్కాలు సర్దుకుని భోజనానికి వెళ్ళిపోయారు.

దీనికి తోడు, గొడవ మొదలైతే చాలు, ఎవరిదో ఒకరి కాలు తొక్కుతాడు. తొక్కి, "అయ్యో, చూసుకోలేదు" అంటాడు.

"ఆ కళ్ళజోడు మార్చండి మహానుభావా, ఈ ఇంట్లో గోరున్న బొటనవేలు మిగల్లేదు" అని అత్తయ్య మొత్తుకునేది.

ఆ ఏడు సెమీఫైనల్‌కి రావలసిన రిఫరీకి జ్వరమొచ్చి మావయ్యను పిలిచారు. చిన్నదీ, దాని అక్కా, మేనకోడళ్ళిద్దరిదీ ఒకే జట్టు. మేనమామ కదా, కాస్త చూసీచూడనట్టు పోతాడనుకుంటే, మొదటి ఫౌల్ అక్కకే ఇచ్చాడు. జట్టులో ఉన్నది ఏడుగురే. అక్క ఆటలో ఉంది. చిన్నదీ, డాక్టరుగారమ్మాయీ బెంచి మీద ఉన్నారు.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా, అవతలి జట్టు పొడుగమ్మాయి అక్క జడ పట్టి లాగింది. అక్క ఊరుకునే రకమా, చెంప మీద ఒక్కటిచ్చింది. పొడుగమ్మాయి రెండిచ్చింది. చిన్నదానికి ఒళ్ళు మండిపోయి లేవబోయింది. లేవలేకపోయింది. కిందికి చూస్తే తన పాదం మీద మావయ్య ఎడమ బూటు ఉంది. కుడి బూటు డాక్టరుగారమ్మాయి పాదం మీద ఉంది. కొట్లాటకి వీపు పెట్టి, వీళ్ళ మొహాల్లోకి విజిల్ ఊదుతున్నాడు.

"మావయ్యా, కాలు. అక్కడ అక్కను కొడుతుంటే..."

"చూసుకోలేదమ్మా" అని ఇంకాస్త నొక్కాడు.

రెండో రిఫరీ, కోచ్‌లు కలిసి వాళ్ళిద్దరినీ విడదీశారు. ఈలోగా అవతలి బెంచి నుంచి ముగ్గురు దూకేశారు. మావయ్య అక్కనీ, పొడుగమ్మాయినీ, ఆ ముగ్గురినీ బయటికి పంపించాడు. అక్క బదులు చిన్నది కుంటుతూనే ఆడింది, గెలిచారు. కానీ ఆమె కోపం దిగలేదు.

"ఇవాళ్టి నుంచి ఆయన నాకు మావయ్యే కాదు" అంది బూటు విప్పుకుంటూ.

కోచ్ మేడమ్ నవ్వింది. "రేపు ఫైనల్‌కి మీ అక్క లేదు. మీరిద్దరు కూడా లేచి ఉంటే ఎంతమంది మిగిలేవారే?"

నలుగురు. ఐదుగురు లేనిదే ఆట మొదలే పెట్టనివ్వరు. చిన్నది వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఓడిన జట్టు కెప్టెన్ వచ్చి పక్కన కూర్చుని, తన బూటూ విప్పి, నల్లబడ్డ గోరు గర్వంగా చూపించింది. "పోయినేడు నాది తొక్కారు. అందుకే ఫైనల్ ఆడగలిగాను. ఈ లీగ్‌లో ఆయన తొక్కని కాలు తక్కువ."

బయట, శిక్ష పడ్డ ముగ్గురిలో ఒకమ్మాయి మావయ్యను నిలదీస్తోంది. "మా వైపు రాకూడదా సార్?"

"దగ్గరున్న బెంచికి పరిగెత్తాను. నాకున్నవి రెండే కాళ్ళు తల్లీ" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

ఆ పూట అందరూ కలిసి హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు నాన్న అక్కకు క్లాసు పీకడం మొదలుపెట్టాడు. అక్క మాటకి మాట అప్పగించింది. మధ్యలో దూరడానికి అమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. అమ్మ దిగితే ఇక తెల్లారినట్టే. చిన్నది బల్ల కింద మెల్లగా కాలు చాపింది. అమ్మ పాదం మీద చోటు లేదు. అక్కడ అప్పటికే ఒక బూటు ఉంది.

"చూసుకోలేదు చెల్లెమ్మా" అన్నాడు మావయ్య, చిన్నదాని వైపే చూస్తూ.