మేస్త్రి కంటి ఎత్తు

రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడగానే మట్టం మేస్త్రి చేసే మొదటి పని దండం పెట్టడం కాదు, పటం వంకర సరిచెయ్యడం. వేలి కొనతో ఒక మూలను నువ్వుగింజంత పైకి నెట్టి, ఓ అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసుకుని, అప్పుడు చేతులు జోడించేవాడు.

"దేవుడు వంకరగా ఉన్నాడనా మీ బాధ?" అని వంటింట్లోంచి భార్య అడిగేది.

"ఆయన తిన్నగానే ఉంటాడే. నేనే వంకరగా చూడకూడదని."

వీధిలోకి దిగితే దారి పొడుగునా అదే వరస. దర్జీ కొట్టు బోర్డు, పక్కింటి పేరుపలక, టీకొట్టు గడియారం, ఏది ఒరిగినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. విసుక్కోవలసిన టీకొట్టాయన విసుక్కోకపోగా, మేస్త్రి వచ్చే వేళకు గడియారం కింద స్టూలు వేసి ఉంచేవాడు. లోకంలో మంచితనం ఎక్కువగా ఇలాంటి స్టూళ్ళ రూపంలోనే ఉంటుంది. మనం చూడకుండా ఎక్కి దిగిపోతుంటాం.

మేనమామ దగ్గర ఫ్రేములు కట్టడం నేర్చుకున్న మేస్త్రి, ఇరవయ్యారేళ్ళ కింద ఫ్రేములు అప్పగించడానికి గ్యాలరీకి వెళ్ళాడు. అక్కడ ఓరగా వేలాడుతున్న బొమ్మను చూసి ఉండబట్టలేక, అడక్కుండానే సరిచేశాడు. గ్యాలరీ నడిపే అమ్మగారు చూసి, "మిగతావి కూడా చూసిపెడతావా?" అన్నారు. అంతే, అదే జీవనమైంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడానికి టేపు వాడేవాడు గానీ, ఎత్తుకు మాత్రం ఆయన కన్నే కొలత. చెప్పులు విడిచి, గోడకు నాలుగడుగుల దూరాన నిటారుగా నిలబడి, కళ్ళు మూసి తెరిచేవాడు. మొదటి చూపు ఎక్కడ పడితే అక్కడ పెన్సిలు చుక్క పెట్టేవాడు. బొమ్మ నడిమి భాగం ఆ చుక్క మీదికి రావాలి. ఆ ఎత్తులోనే హాలంతా దారం లాగి మేకులు కొట్టేవాడు.

"బొమ్మను తలెత్తి చూడాల్సొస్తే బొమ్మకు పొగరు. తలదించి చూడాల్సొస్తే మనిషికి పొగరు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పలకరించుకోవాలి," అనేవాడు.

ఏటా వేసవిలో ఏడుగురు చిత్రకారులు కలిసి ఆ హాల్లో ప్రదర్శన పెట్టేవారు. మనిషికి మూడు బొమ్మలు, అన్నీ రెండడుగుల చదరాలే, అన్నీ ఒకే వరసలో. ఒకరి బొమ్మ ఇంకొకరి నెత్తినెక్కకూడదని ఎప్పుడో పెట్టుకున్న నియమం అది. ఇరవయ్యొక్క బొమ్మలూ ఒక్క గీత మీద నిలబడాలి కాబట్టి, బొమ్మలు తగిలించే రోజున హాల్లో మేస్త్రి మాటే వేదం.

ఈసారి మేస్త్రికి కాళ్ళు నేల మీద ఆనలేదు. "మేకులు చూడ్డానికి నేనెందుకండీ?" అని ఇన్నేళ్ళూ తప్పించుకున్న భార్య, ఈసారి తనంతట తానే వస్తానంది. నిరుడు ఆమె కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని చూసిన నర్సమ్మ, సెలవు రోజుల్లో బొమ్మలు వేస్తుందట. ఆ ఏడుగురిలో ఈసారి ఆ పిల్ల కూడా ఉంది.

ప్రదర్శన మొదలయ్యే రోజు. సాయంత్రం అయిదింటికి తలుపులు తెరవాలి. పొద్దున ఎనిమిదికే హాలు తిరునాళ్ళలా ఉంది. ఒకరు అట్టపెట్టెలు విప్పుతున్నారు, ఒకరు పేర్ల చీటీలు వెతుకుతున్నారు, ఒకరి బొమ్మకు రంగింకా ఆరలేదు. వాళ్ళలో అందరూ తాటిచెట్టు అని పిలిచే పొడుగాటి మనిషి ఒకాయన, అరచేతిలో ఇమిడే మిషనొకటి పట్టుకుని మేస్త్రి ముందుకొచ్చాడు.

"ఇదిగో మేస్త్రీ, మీట నొక్కితే గోడ మీద ఎర్రగీత. మీ దారానికింక విశ్రాంతి ఇచ్చెయ్యండి."

"గీత ఎవరైనా గీస్తారు నాయనా. ఎంత ఎత్తున గియ్యాలో దానికి తెలుసా?"

"మీకు మాత్రం ప్రతిసారీ తెలుస్తుందనేముంది?"

సరదాకే అన్నాడు గానీ ఆ మాట మేస్త్రికి చురుక్కున తగిలింది. "నా గీత వేలెడు తప్పిందంటే ఈ హాల్లో మళ్ళీ మేకు ముట్టను," అనేశాడు.

"అంత మాటెందుకు మేస్త్రీ?" అన్నారు అమ్మగారు. అప్పటికే నోరు దాటింది.

పని మొదలైతే మాత్రం అన్నీ మరిచాడు. కన్ను మూశాడు, తెరిచాడు, చుక్క పెట్టాడు, దారం లాగాడు. సుత్తి టకటకలాడింది. నర్సమ్మ మొదటి బొమ్మ గోడకెక్కగానే ఆ పిల్ల చూస్తూ చూస్తూ వెనక్కి నడిచి నిచ్చెనకు గుద్దుకుంది.

"నాదేనా ఇది బాబాయ్? గోడ మీద చూస్తే ఎవరో పెద్దవాళ్ళు వేసినట్టుంది!"

"పెద్దవాళ్ళే వేశారు. ఇవాళ్టి నుంచి నువ్వూ పెద్దదానివే," అన్నాడు మేస్త్రి.

మూడింటికి దీపాల అబ్బాయి వచ్చి స్విచ్చి వేశాడు. గోడల పొడుగునా రెండడుగుల వెడల్పున వెలుగు పట్టీలా పరుచుకుంది. బొమ్మలు ఏటా ఒకే కొలతవి కాబట్టి దీపాలూ ఏటా ఒకే చోట ఉండేవి. ఎప్పుడూ ఆ వెలుగు బొమ్మల అంచులకు కత్తిరించినట్టు సరిపోయేది. ఈసారి బొమ్మల పైన రెండు వేళ్ళ మేర ఖాళీ గోడ మెరుస్తోంది. కింద రెండు వేళ్ళు చీకటి. ఇరవయ్యొక్కటికీ అంతే.

"దీపాలు జరిగినట్టున్నాయిరా," అన్నాడు మేస్త్రి.

"దీపాలు బిగించిన మరల మీద పాత సున్నం కూడా చెదరలేదు బాబాయ్."

"అయితే కిందికి వాలి ఉంటాయి."

"వాలితే వెలుగు కిందికి దిగాలి గానీ పైకెలా ఎక్కుతుంది బాబాయ్?"

తాటిచెట్టు మిషను పెట్టి చూశాడు. వరస వెంట్రుకవాసి కూడా తప్పలేదు. "మట్టం తిన్నగానే ఉంది. ఎత్తు సంగతి దీనికి తెలియదు," అని ఒప్పుకున్నాడు. ఎవరి కంటికి ఎంత ఎత్తుండాలో తలా ఒకటి చెప్పారు. "ఆయన మాట వింటే బొమ్మల్ని పైకప్పుకు తగిలించాలి," అని తాటిచెట్టును చూపించి ఎవరో నవ్వారు.

మేస్త్రికి నవ్వు రాలేదు. చెప్పులు విడిచి మళ్ళీ నిలబడ్డాడు. కళ్ళు మూసి, తెరిచాడు. చూపు పోయి పొద్దున పెట్టిన చుక్క మీదే పడింది. దీపం కదల్లేదు, కన్ను అబద్ధమాడలేదు. మరి ఈ రెండు వేళ్ళూ ఎక్కడివి?

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చీర కట్టుకుని భార్య గుమ్మంలోకి వచ్చింది. సంగతి విని, "ఎంత తేడా అన్నారు? రెండు వేళ్ళా?" అని అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే మీ పాంటు లెక్కా అంతేనండీ!"

"మధ్యలో పాంటేమిటే?"

"నేలకు రాస్తోంది, బట్ట సాగిపోయిందని ఓసారి గోల చేశారు చూడండి. ఆ తర్వాత ఏడాదికి ఇంత చొప్పున మడిచి కుడుతున్నాను. ఉతికిన బట్ట పొట్టిదవుతుంది గానీ పొడుగవుతుందా ఎక్కడైనా? తగ్గింది మీరు. వయసొస్తే నడుము కుంగి అందరం తగ్గుతాం. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

మేస్త్రి ఒకసారి తన పాదాల వైపు, ఆ చక్కటి కుట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత సుత్తి తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

"తప్పింది వేలు కాదు, రెండు వేళ్ళు. అన్న మాట అన్న మాటే."

"మరి నిరుడు సరిగ్గా ఎలా ఉన్నాయి బాబాయ్?" అన్నాడు దీపాల అబ్బాయి.

జవాబు గుమ్మంలోనే ఉంది. హాలు ఊడ్చి తుడిచే ఆయా, కూతురి పురిటికని వెళ్ళిన మనిషి, రైలు దిగి నేరుగా చేతిసంచితోనే వచ్చి నిలబడింది. గోడ వైపు ఒక్క చూపు చూసి నాలిక్కరుచుకుంది.

"అయ్యో అన్నా! నేను లేకుండా పోయానే!"

"నువ్వుంటే ఏం చేసేదానివి చెల్లెమ్మా?"

ఆమె తలుపు మూల నుంచి తుడుపుకర్ర తెచ్చింది. దాని మీద ఓ చోట ఎర్ర దారం కట్టి ఉంది. పన్నెండేళ్ళ కింద పనిలో చేరిన కొత్తలో, టేపు లేకుండా ఈయన కొట్టే గీత నిజంగా ఏటా ఒకే ఎత్తున పడుతుందా అని తమాషాకు కట్టి చూసిందట. మొదటి తొమ్మిదేళ్ళూ గీత దారం మీదే పడింది. ఆ తర్వాత కొద్దికొద్దిగా దిగింది.

"కర్రకు వయసు రాదు కదన్నా. ఏటా నువ్వు అన్నానికి ఇంటికెళ్ళగానే, దీపాలు వెయ్యకముందే, ఫ్రేముల వెనక తీగకు తలా ఓ మెలి వేసేదాన్ని. తీగ బిగిస్తే బొమ్మ పైకొస్తుంది. నా పిల్ల ఫీజు కట్టలేని రోజున నువ్వు ఎవరికీ చెప్పకుండా బడికెళ్ళి మాట్లాడొచ్చావు. నేను చెప్పానా ఎవరికైనా? ఇదీ అంతే అనుకున్నా."

గడియారం నాలుగు కొట్టింది. అమ్మగారు కంగారుగా, "సుత్తి తీసుకోండి మేస్త్రీ, మీకు దణ్ణం పెడతాను," అన్నారు.

"ముట్టనన్నాను కదమ్మా."

"నువ్వు ముట్టనన్నది మేకునే కదన్నా? తీగకు మెలి వెయ్యడానికి మేకెందుకు?" అంది ఆయా.

తాటిచెట్టు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో హాలు కదిలింది. ఏడుగురూ తలో బొమ్మ దించి బోర్లా పడుకోబెట్టారు. ఆయా ఎడమచేత్తో ఎలా మెలి వెయ్యాలో చూపించింది. తుడుపుకర్ర గోడ పొడుగునా ముందు నడిచింది, మేస్త్రి వెనక నడుస్తూ, "ఇంకో సగం మెలి! చాలు చాలు! ఆగమ్మా, ఎడమ మూల దిగింది!" అని కేకలు పెట్టాడు. నర్సమ్మ వేళ్ళు కందిపోయినా వదల్లేదు. తాటిచెట్టు ఇంకొకరి బొమ్మలు కూడా మోశాడు. అయిదుకు ఇంకా మూడు నిమిషాలుందనగా ఇరవయ్యొకటోది గోడకెక్కింది. స్విచ్చి వెయ్యగానే వెలుగు బొమ్మల మీద తొడిగినట్టు సరిపోయింది. అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు, ఎవరి కోసమో ఎవరూ చెప్పుకోలేదు.

తలుపులు తెరిచారు. జనం ఒక్కసారిగా లోపలికి వచ్చారు. మేస్త్రి భార్య మాత్రం నర్సమ్మ బొమ్మ ముందు నిలబడిపోయింది. దుప్పటి నలిగిన ఖాళీ మంచం, దాని మీద కిటికీలోంచి పడిన ఎండ.

"ఇది నా మంచం కదమ్మా?"

"అవునమ్మా. మీరు నడిచి ఇంటికెళ్ళిన రోజు పొద్దున్నది."

ఆమె తలెత్తలేదు, దించలేదు. తిన్నగా చూస్తూ కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి ఓ పక్కన నిలబడి ఆ చూపునే చూశాడు. ఇరవయ్యారేళ్ళుగా తాను గోడ మీద వెతికినది అదే.

తాటిచెట్టు మెల్లగా వచ్చి, కిటికీ గట్టు మీది సుత్తిని తీసి మేస్త్రి సంచిలో వేసి, ఏమీ ఎరగనట్టు జనంలో కలిసిపోయాడు. మేస్త్రి సంచి భుజాన వేసుకుని ఆయా దగ్గరికి వెళ్ళాడు. ఆమె అప్పుడే మనవరాలి ఫోటో ఎవరికో చూపిస్తోంది.

"చెల్లెమ్మా, ఒక్క సాయం చెయ్యాలి నాకు."

"చెప్పన్నా."

"వచ్చే వేసవికి నేను ఇంకాస్త తగ్గుతాను. ఇంక వెనక నుంచి మెలి వెయ్యొద్దు. నేను చుక్క పెట్టకముందే నీ కర్ర తెచ్చి గోడకు ఆనించు. గీత నీది, మేకు నాది. తప్పితే నా మొహం మీదే చెప్పు. చెబుతావు కదూ?"