పల్లేరు తెలిసిన ఆయమ్మ

పోయిన గురువారం ఉదయం మా బడి ఆయమ్మ చనిపోయింది. నేనప్పుడు గన్నవరంలో డ్రిల్లు టీచర్ల శిక్షణలో ఉన్నాను. మొదటిసారి ఫోను మోగితే ఎత్తలేదు. రెండోసారి ఎత్తితే ఆమె కూతురు. పొద్దున టీ తాగి గోడకి ఆనుకుని కూర్చుందనీ, గ్లాసు తీసుకుందామని వెళ్ళేసరికి ప్రాణం లేదనీ చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. ఇంకా నమ్మకం కుదరని మనిషి మాట్లాడినట్టే మాట్లాడింది. నేను కూడా, ఎందుకో తెలీదు, "సరేనమ్మా" అన్నాను. చావు కబురు విని సరే అన్నానేమిటా అని బస్సెక్కాక చాలాసేపు బాధపడ్డాను.

మాది ఉయ్యూరు దారిలో ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూలు. ఆమె అక్కడ గదులు ఊడ్చేది, నీళ్ళు పట్టేది, గంట కొట్టేది. పామర్రు దగ్గర ఒక పల్లెలో పుట్టి, పదేళ్ళ వయసు నుంచి వరి చేలల్లో కలుపు తీసింది. బురదలో వంగి నిలబడటం మోకాళ్ళవల్ల కాకపోయాక బడిలో చేరింది. ఉద్యోగం తాత్కాలికం. ఏటా జూన్‌లో మళ్ళీ కాగితం రాసిస్తేనే ఉన్నట్టు.

మనతో మాట్లాడుతున్నా ఆమె చూపు నేల మీదే ఉండేది. కొత్తగా వచ్చిన టీచర్లు అది భయమనో పొగరనో అనుకునేవారు. రెండూ కాదు. ప్రార్థన జరుగుతుండగా కూడా వంగి, వేలెడు మొక్కని వేరుతో లాగి కొంగులో వేసుకునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కొంగు విప్పి, ఏది ఏమిటో పిల్లలకి చూపించేది. కాడని వేళ్ళ మధ్య దొర్లించి మూడు పలకలు తగిలితే అది తుంగ అని చెప్పేది. తుంచితే పాలొచ్చేదాన్ని కంటి దగ్గరికి పోనివ్వద్దనేది. నేను ఆ పక్కనుంచే విజిల్ ఊదుకుంటూ వెళ్ళేదాన్ని. ఆగి వినలేదు. వినివుంటే ఈ రాతలో సగం రాయాల్సిన పనుండేది కాదు.

నాలుగేళ్ళ కిందట వేసవి సెలవుల్లో మా గ్రౌండు పల్లంగా ఉందని నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించారు. ఎక్కడి మట్టో ఎవరమూ అడగలేదు. తొలకరి పడిన పదిహేను రోజులకి ఖోఖో కోర్టు పక్కన పచ్చగా ఏదో మొలిచింది. చింతాకుల్ని చిన్నవి చేసినట్టు ఆకులు, ఈనెకి అటూ ఇటూ జతలు జతలుగా. నేలని అంటుకుని నాలుగు వైపులా చక్రంలా పాకింది. నెల తిరిగేసరికి అయిదు రేకుల పసుపు పూలు. ఎంత నీళ్ళు చల్లినా దుమ్ము లేచే ఆ గ్రౌండుకి ఇన్నాళ్ళకి పచ్చిక వచ్చిందని మురిసిపోయాను. హెడ్మాస్టరు గారికి చూపించాను. సాయంత్రాలు పైపు లాగి నేనే నీళ్ళు పెట్టాను.

అలా నీళ్ళు పెడుతుంటే ఆయమ్మ ఒకరోజు వచ్చి నిలబడింది. అది గడ్డి కాదనీ, పల్లేరనీ, కాయ కట్టి ముళ్ళు కాకముందే తీసేద్దామనీ అంది. నాకు అవతల జోనల్ పోటీల కంగారు. ఉన్న కాస్త పచ్చదనమూ పీకేస్తే మళ్ళీ దుమ్మేగా, తర్వాత చూద్దాం అన్నాను. ఆమె ఇంకోమాట అనలేదు. నేను టీచర్ని, ఆమె ఆయమ్మ.

మా టీములో బాగా పరిగెత్తే పిల్ల ఒకత్తి ఉండేది. తొమ్మిదో తరగతి. తండ్రి మగ్గం నేస్తాడు, తల్లి కండెలు చుడుతుంది. ఆ పిల్ల మీదే మా ఆశలన్నీ. పోటీలు పది రోజుల్లో ఉన్నాయనగా ప్రాక్టీసులో దాని మడమలో ముల్లు దిగింది. ముల్లు పైకి లాగేసింది గానీ మొన లోపలే విరిగింది. చెబితే టీములోంచి తీసేస్తానని భయపడి ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు ఉదయం లైనులో నిలబడి ఒణికిపోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. మేజోడు విప్పితే పాదం చీలమండ దాకా వాచి, ఎర్రటి గీత ఒకటి పిక్కమీదికి పాకుతోంది.

బెజవాడ పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. ఒక పక్క నేను, ఇంకో పక్క ఆయమ్మ. పిల్ల కాలు ఆయమ్మ ఒళ్ళో ఉంది. దారి పొడుగునా నేను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను, ఇంకా పైకి పోయిందా అని. డాక్టరు చూసి, చీము తియ్యాలనీ, రేపటిదాకా ఆగుంటే కష్టమయ్యేదనీ అన్నాడు. కాలు ఉంటుందా అని అడగబోయి ఆగిపోయాను. సాయంత్రానికి తల్లి వచ్చింది. కేకలు వెయ్యలేదు. నా ఎదురుగా నిలబడి ఒకే మాట అంది.

"బడికి పంపించానండీ. ముళ్ళలోకి కాదు."

మర్నాడు హెడ్మాస్టరు గారు గ్రౌండుకి వచ్చి, పువ్వుల మధ్య పండిన కాయలు చూశారు. శనగ గింజంత కాయ. విడిపోతే అయిదు ముక్కలు, ఒక్కో ముక్కకి రెండు కొమ్ములు. ఎలా పడినా ఒక కొమ్ము పైకే ఉంటుంది. గ్రౌండు శుభ్రం చేసే పని ఎవరిదని అడిగారు. ఆయమ్మ ముందుకొచ్చింది. అందరి ముందూ ఆమెని తిట్టారు. ఇంతకాలం కలుపు తీసినదానికి ఇది కళ్ళకి కనపడలేదా అన్నారు. నెలాఖరుకి మానెయ్యమన్నారు. ఆమె నేల చూస్తూ నిలబడింది. నా వైపు చూడలేదు. చూస్తే చెప్పేసేదాన్నేమో. నేనూ నోరు విప్పలేదు.

ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు. చెబితే నా ఉద్యోగం ఏమవుతుంది, తల్లిదండ్రులు పోలీసుల దాకా వెళితే నా గతేమిటి, పిల్లకి ఏదైనా అయితే ఎలా బతకను, ఇవే ఆలోచనలు. ఆసుపత్రికి వెళితే అక్కడ ఆయమ్మ ఉండేది. బడి అయ్యాక బస్సెక్కి వచ్చి, ఆ తల్లిని కాసేపు పడుకోమని తను పిల్ల దగ్గర కూర్చునేది. మానెయ్యమన్న బడి పిల్లకి విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి స్టూలు జరిపింది, కూర్చోమని. నేను ఆ స్టూలు మీద అయిదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను.

మూడో రోజు పొద్దున్నే హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయమ్మ ముందే చెప్పిందనీ, వద్దన్నది నేనేననీ, పైగా నీళ్ళు పెట్టి పెంచాననీ. ఆయన నా చేత అదంతా రాయించుకున్నారు. ఆమెని మానిపించలేదు. నాకు మెమో వచ్చింది. తల్లికి కూడా నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ విని, పక్కకి తిరిగి పిల్ల దుప్పటి సర్దింది.

ఆ మధ్యాహ్నం ఆయమ్మ నీళ్ళ కుండలు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. మాటలు కూడదీసుకునేలోపే ఆమే అంది:

"రెండ్రోజులు ఆలస్యంగా చెప్పారు మేడంగారు. పోనివ్వండి. పిల్లలు మళ్ళీ ఆ నేల మీదే ఆడాలిగా. సాయంత్రం కలుపు తీసే బొరిగె పట్టుకురండి."

ఎంత తేలిగ్గా అందంటే, అది క్షమించడమో, పని చెప్పడమో ఇప్పటికీ నాకు తేలలేదు.

గడ్డిమందు కొట్టిద్దామని హెడ్మాస్టరు గారు అన్నారు. ఆయమ్మ ఒప్పుకోలేదు. "మందుకి మొక్క చచ్చిద్దండీ, కాయ చావదు. ఎండి ఇంకా రాలిద్ది" అంది. పైగా పిల్లలు వట్టి కాళ్ళతో తిరిగే చోటు. చేత్తోనే తియ్యాలి. అప్పటిదాకా నేను కలుపంటే చేతికి దొరికింది లాగటమే అనుకున్నాను. కొసలు పట్టుకుని లాగితే తీగ తెగి చేతికొచ్చింది, కాయలు నేలపాలయ్యాయి. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఎంత దూరం పాకినా వేరు ఒక్కటేననీ, తీగలన్నీ కలిసే నడిమధ్యకి పొమ్మనీ చెప్పింది. అక్కడ బొరిగె లోతుగా దించి వేరు కోసి, తీగల్ని విస్తరి మడిచినట్టు లోపలికి మడిచి, ఒక్క కాయ రాలకుండా తట్టలోకి ఎత్తాలి. తట్టలన్నీ గోడవతల పారబొయ్యకుండా పాత డ్రమ్ములో వేసి కాల్చాం. గోడవతల నడిచేవాళ్ళవీ కాళ్ళేగా అంది.

మొక్కలయ్యాక రాలిన ముళ్ళ పని. గోనెసంచులు తడిపి, లోపల ఇసక పోసి, తాడు కట్టి కోర్టంతా లాగించింది. పది గజాలకోసారి సంచి తిరగేస్తే అడుగంతా ముళ్ళు గుచ్చుకుని ఉండేవి. మొదటి రోజు ఆ సంచి అడుగున ముళ్ళు లెక్కపెట్టబోయి ఆపేశాను. ఇన్ని నెలలుగా వీటి మీదేనా పిల్లల్ని పరిగెత్తించాను? ఖాళీ అయిన చోట్ల కాలవ గట్టు నుంచి గరిక తెచ్చి నాటాం. నేల ఊరికే ఉండదని ఆమె మాట. మనం ఏదో ఒకటి వెయ్యకపోతే అదే ఏదో ఒకటి వేసుకుంటుంది.

ఆఖర్న ఒక పని మటుకు ఎవర్నీ చెయ్యనిచ్చేది కాదు. రోజూ ప్రాక్టీసుకి ముందు చెప్పులు గట్టున విడిచి, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి, అడుగు పక్కన అడుగు వేస్తూ నడిచేది. అరవై దాటిన మనిషి, ముల్లు దిగితే మానడానికి ఎన్నాళ్ళో. చెప్పులేసుకోమని బతిమాలాను, ఒకసారి కోప్పడ్డాను కూడా.

"చెప్పులేసుకుంటే చెప్పుకి తెలిసిద్దండీ. నాకెలా తెలిసిద్ది?"

ముల్లు దొరికిన రోజు ఒంటికాలి మీద నిలబడి, దాన్ని తీసి, కొంగున ముడేసుకుని మళ్ళీ నడక సాగించేది. నేను గట్టు మీద నిలబడి ఆమె ఎక్కడ ఆగుతుందోనని చూసేదాన్ని.

పిల్ల పదకొండు రోజులకి ఇంటికొచ్చింది. ఆ ఏడు పోటీలకి అది లేకుండానే వెళ్ళి రెండో రౌండులో ఓడిపోయాం. మరుసటేడు ఆడింది. గెలిచామా అని అడక్కండి, మూడో రౌండు దాకా వెళ్ళాం. మడమ మీద అర అంగుళం మచ్చ ఉంది, పరుగుకేమీ అడ్డం కాలేదు. పల్లేరు మాత్రం ఒక్క ఏడాదితో పోలేదు. మట్టిలో ఉన్న గింజ ఏళ్ళ తరబడి ఆగుతుందట. ప్రతి వానకీ కొన్ని మొలిచేవి, ప్రతి వాన తర్వాతా ఆమె వంగేది. ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి. పోయిన ఏడు మొత్తం మీద ఒక తట్ట కూడా నిండలేదు. అయినా వాన వెలిసిందంటే నాకు భయమే. ఆయమ్మ ఉందిలే అనుకుని సర్దుకునేదాన్ని.

గురువారం సాయంత్రం ఆయమ్మ వాళ్ళ సందులోకి వెళ్ళేసరికి ఆ పిల్ల తల్లి నాకంటే ముందే వచ్చి ఉంది. మగ్గం మీంచి అప్పుడే కోసిన నేతచీర తెచ్చి ఆయమ్మ మీద కప్పింది. ఒక పక్క అంచు మడతపడితే మోకాళ్ళ మీద కూర్చుని సరిచేసింది. అయ్యాక వచ్చి నా పక్కన నిలబడింది. నాలుగేళ్ళలో నా పక్కన నిలబడటం అదే మొదటిసారి.

శుక్ర, శనివారాలు వాన పడింది. సోమవారం మొదటి పీరియడు ఆరో తరగతి. పిల్లలు చెప్పులు విడిచి గీత వెనక నిలబడ్డారు. వాళ్ళని ఆపి ముందు నేను కోర్టులోకి వెళ్ళాను. గరిక మధ్య అక్కడక్కడ కొత్త మొలకలున్నాయి. రెండేసి ఆకులు, ఇంకేమీ లేవు. పల్లేరుకి తొలి ఆకులు ఎలా ఉంటాయో ఆమెని నేనెప్పుడూ అడగలేదు. చూడగానే ఆమెకి తెలిసిపోయేది, అది చాలనుకున్నాను. ఒకదాన్ని వేరుతో తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఆకు కాస్త దళసరిగా ఉంది. కొసన చిన్న నొక్కు ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. వెనక నుంచి ఒక పిల్ల "రావచ్చా మేడం?" అని అడిగింది. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. నలభై మంది ఆడపిల్లలు తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి నా చేతివైపు చూస్తున్నారు.